ఆనీ నగరమందలి కరవాన్ సరాయి : నామవిచారము

ఆర్మీనియనుల ప్రాచీన రాజధానులలో ఆనీ నగరము మిక్కిలి ప్రసిద్ధమైనది. అది నేడు టర్కీ దేశపు తూర్పు సరిహద్దున, కార్సు పట్టణమునకు సుమారు 45 కిలోమీటర్ల దూరమున, ఒక నిర్జనమైన పీఠభూమిమీద శిథిలావస్థయం దున్నది. పీఠభూమికి దిగువ లోతైన లోయలో ప్రవహించు అఖూరియాన్ నదియే నేటి టర్కీ ఆర్మీనియా రాజ్యములకు ఎల్ల. టర్కులు దానిని అర్పాచాయి యందురు. ఈ పాడునగరముయొక్క మధ్యభాగమున, నల్లని, ఎఱ్ఱని రాళ్లతో కట్టబడి, చిత్రమైన చెక్కడపు పనితో నిండిన ద్వారము గల యొక శాల సగము కూలి నిలిచియున్నది. టర్కీలో వెలువడిన పెక్కు వర్ణనములలో దానికి సెల్జూకుల కరవాన్ సరాయి యని పేరు. ఆర్మీనియనుల గ్రంథములలో నది పరిశుద్ధ అపొస్తలుల దేవాలయముయొక్క ముఖశాల. మొదటి పేరు దానిని తురుష్కుల వర్తకసత్రముగా నిరూపించును. రెండవది క్రైస్తవుల దేవాలయములో నొక భాగముగా నిరూపించును. ఈ రెండును ఒక్క కట్టడమునకు ఆదినుండియు చెల్లుట పొసగదు. కావున శాసనము, పన్నిక, శిల్పము అను మూడు ప్రమాణములనుబట్టి ఈ విషయము విచారింపదగి యున్నది.

నగరచరిత్ర సంగ్రహము

బగ్రతూనీ వంశజుడగు మూడవ అషోతు 961లో ఆనీని రాజధానిగా చేసికొనెను. అతని కుమారుడు రెండవ స్ంబాతు (977-989) నగరమునకు ఉత్తరమున, పీఠభూమి మైదానముతో కలియు నొక్క దిక్కున, జంటప్రాకారములను కట్టించెను. తక్కిన దిక్కుల లోయలే కోట. 992లో ఆర్మీనియనుల మతాధ్యక్షపీఠము ఇచ్చటికి మార్చబడెను. మొదటి గగీకు (989-1020) కాలమున నగరము ఉన్నతదశ నందెను. అప్పటి మహాదేవాలయమును నిర్మించిన త్ర్దాత్ అను స్థపతియే, 989లో భూకంపమున దెబ్బతినిన కాన్‌స్టాంటినోపిలు నగరపు హాగియా సోఫియా గుమ్మటమును బాగుచేసినవాడు.

1045లో ఆనీ బైజాంటియను చక్రవర్తుల పాలయ్యెను. 1064లో సెల్జూకు సుల్తానగు ఆల్ప్ అర్స్‌లాన్ దానిని ముట్టడించి పట్టుకొనెను. కాని సెల్జూకులు దానిని తామే చిరకాలము పాలింపలేదు. 1072లో కుర్దుజాతివారగు షద్దాదీ ప్రభువుల కిచ్చివేసిరి. వీరిలో మొదటివాడగు మనూచిహ్ర్ పేరిట నున్న మసీదు నేటికిని లోయ యంచున నిలిచియున్నది. 1199లో జార్జియా రాణియగు తమారా సేనానులు, జకారియను లనబడు ఆర్మీనియను ప్రభువులు, నగరమును గైకొనిరి. వారి యేలుబడిలో వర్తకము మరల పుంజుకొనెను. 1215లో తిగ్రాన్ హోనెంత్స్ అను శ్రీమంతుడగు వర్తకుడు కట్టించిన చిత్రశోభితమైన దేవాలయము ఆనాటి సంపదకు సాక్షి. 1236లో మంగోలులు నగరమును కొల్లగొట్టిరి. పిదప వర్తకమార్గములు మాఱుటచేతను, 1319 నాటి భూకంపముచేతను నగరము క్రమముగా క్షీణించి తుదకు నిర్జనమయ్యెను.

ఈ కాలక్రమమును జ్ఞప్తియం దుంచుకొనవలెను. ఏలయన, సెల్జూకుల కట్టడ మనునప్పుడు అది ఏ సంవత్సరమున, ఎవరి యేలుబడిలో కట్టబడిన దను ప్రశ్నయే మొదట పుట్టును.

కరవాన్ సరాయి లక్షణము

కరవాన్ అనగా బాటసారుల బిడారు. సరాయి యనగా మందిరము. రెండును పారసీక పదములే. రెండవ పదము తెలుగువారికి క్రొత్తది కాదు; గోలకొండకు హైదరాబాదునకు నడుమనున్న కార్వాను పేటలో మొదటి పదమును నిలిచియున్నది. తెలుగు సత్రమునకును దీనికిని ప్రయోజన మొక్కటే యైనను నిర్మాణమున భేదము కలదు. సత్రము ముఖ్యముగా మనుష్యులకు. సరాయి మనుష్యులకును, బరువులు మోయు పశువులకును, సరకులకును కలిపి యొక్కచోట రక్షణ నిచ్చునది. కావున దానికి గట్టి గోడలు, బరువుతో పశువు దూరగల యొక్కటే ద్వారము, పశువులను కట్టుటకు చోటు, సరకు దింపుటకు జాగా ఆవశ్యకములు.

ఆనటోలియాలో సెల్జూకులు కట్టించిన సరాయిలలో అక్సరాయి చేరువనున్న సుల్తాన్ ఖాన్ ప్రధానమైనది. దానిని 1229లో మొదటి అలాయుద్దీన్ కైకుబాదు కట్టించెను. దానికి ముందు విశాలమైన ప్రాంగణము, ప్రాంగణమధ్యమున నాలుగు కమానులమీద నిలిచిన చిన్న మసీదు, వెనుక చలికాలమునకై కప్పు గల పెద్దశాల కలవు. ఆర్మీనియా కొండలలో ప్రాంగణము లేని సరాయిలును కలవు. మంచు విస్తారముగా కురియు కనుమలలో ఆకాశము క్రింద నిలుచుటకు వీలులేదు. అందుకు మేలైన యుదాహరణము సెలీము కనుమయందలి సరాయి. సముద్రమట్టమునకు 2410 మీటర్ల యెత్తున, నల్లరాతితో, మూడు వరుసల పొడవైన శాలగా అది కట్టబడినది. దానికి ద్వార మొక్కటే. వెలుతురు కప్పులోని రంధ్రములనుండియే వచ్చును. 1332లో దానిని ఓర్బెలియను వంశజుడగు చెసారు ప్రభువు కట్టించినట్లు లోపలి ఆర్మీనియను శాసనము చెప్పుచున్నది. అతడు క్రైస్తవుడు, అయినను శాసనమున మంగోలు ప్రభువగు అబూ సయీదు ఖానుని యేలుబడిని పేర్కొనెను. ద్వారముమీద పారసీక భాషలో వేఱొక శాసనము కలదు. దాత తనకును తనవారికిని ఆత్మశాంతి కలుగుటకై ఈ యింటిని కట్టించితినని చెప్పుకొని, దారినపోవువారిని తమ్ము స్మరింపుడని వేడికొనినాడు. సత్రము కట్టించుట పుణ్యకార్యమను భావము తెలుగు శాసనములు చదువువారికి సుపరిచితము.

ఈ రెండు సరాయిలను కొలబద్దగా గైకొని ఆనీలోని కట్టడమును చూడవలెను.

ఆనీ కట్టడపు స్వరూపము

నేడు కనబడు శాల ఒంటరిగా కట్టబడినది కాదు. దానికి ఉత్తరమున దేవాలయ మొకటి యుండెను. అది నాలుగు రేకుల పువ్వువలె నాలుగు దిక్కుల అర్ధవృత్తములతో, మూలలయందు చిన్న గదులతో, మధ్య గుమ్మటముతో కట్టబడినది. దానిని స్థాపించినవారు పహ్లవూనీ వంశీయులు. గోడలమీది శాసనములలో మొదటిది 1031 నాటిది. కావున దేవాలయము అంతకు పూర్వమే కట్టబడెనని తేలుచున్నది. ఆనీ నగరపు ఆర్చిబిషపులు దీనిని వాడుకొనుచుండిరి. వారిలో పలువురు పహ్లవూనీ వంశజులే. గుమ్మటము కూలినది, గోడలలో తునుకలు మాత్రము మిగిలియున్నవి.

ఈ దేవాలయపు దక్షిణపు గోడ కానించి 13వ శతాబ్ద్యారంభమున నొక శాల కట్టబడెను. ఇదియే వివాదమునకు విషయమైన కట్టడము. ఆర్మీనియనులు ఇట్టి శాలను గవిత్ అనియు, ఝామతూన్ అనియు పిలుతురు. రెండవ పదమునకు నియతవేళల ప్రార్థనలు జరుపు ఇల్లని యర్థము. ఇది ఆంధ్రదేశపు దేవాలయములలోని ముఖమండపమువంటిది. ప్రార్థనకు చేరిన జనము నిలుచుటకును, పెద్దలను సమాధి చేయుటకును, సంఘపు సభలు జరుపుటకును ఇది యుపయోగించుచుండెను.

శాలకు ద్వారము తూర్పున కలదు. ద్వారపు పైభాగము తేనెపట్టు గదులవలె అంచెలంచెలుగా ముందునకు వచ్చు చెక్కడముతో నిండియున్నది. ఈ పనిని ముకర్నస్ అందురు. ద్వారమున కిరుప్రక్కల గోడయందు చెక్కడపు గూళ్లు, జ్యామితీయమైన అల్లికలు కలవు. లోపల పెద్ద కమానులు ఒకదాని నొకటి ఖండించుచు కప్పును మోయుచున్నవి. మధ్యభాగమున ముకర్నస్ పనితో గుమ్మటము. దాని చుట్టునున్న కప్పు పలకలలో రంగుఱాళ్లను పొదిగి నక్షత్రములు, బహుభుజములు తీర్చిరి. గోడలమీద ఆర్మీనియను శాసనములు కలవు. ఇందు శాలకు సంబంధించిన ప్రాచీనశాసనము 1217 నాటిది.

1909లో నికొలాయి మార్ అను రష్యను పండితుడు ఈ దేవాలయపు పరిసరములను త్రవ్వించెను. అతడు 1892, 1893 సంవత్సరములందును, 1904 మొదలు 1917 వఱకును ఆనీలో పరిశోధనలు జరిపినవాడు. దేవాలయము చుట్టును వేఱు శాలలు, చిన్న గుడులు ఉండినట్లు పునాదులవలన తెలియవచ్చెను. ఆ పునాదులు పిదప చాలవఱకు నశించినవి.

పూర్వపక్షము

ఇది సరాయి యనువారు చెప్పగల హేతువులు మూడు. మొదటిది శిల్పము. ముకర్నస్ పనియు, జ్యామితీయమైన అల్లికలును ఇస్లాము దేశముల శిల్పమునకు ప్రసిద్ధలక్షణములు. ఈ ద్వారమును ఆనటోలియాలోని సరాయిల ద్వారములతో పోల్చి చూచినవానికి సాదృశ్యము వెంటనే తోచును. రెండవది స్థానము. ఆర్మీనియనుల ముఖశాల సాధారణముగా దేవాలయమునకు పశ్చిమమున నుండును; ఇది దక్షిణమున నున్నది, దీని ద్వారమో తూర్పున నున్నది. మూడవది నగరస్వభావము. ఆనీ వర్తకమార్గమునందలి మహానగరము. అఖూరియాన్ నదిమీద కూలియున్న వంతెనయే ఇందుకు నిదర్శనము. అట్టి నగరమునందు బిడారులు దిగుటకు సరాయి లేకుండుట యెట్లు? గోడలమీది శాసనములలో పన్నుల విషయము కూడ వచ్చుచుండుటచే నిది వర్తకులు కూడిన చోటనుట యుక్తము.

ఈ హేతువులు తృణీకరింపదగినవి కావు. ఒక్కొక్కదానికి సమాధానము చెప్పవలసియున్నది.

సమాధానము

శిల్పమునుబట్టి చేసిన వాదమును మొదట చూతము. ముకర్నస్ ఇస్లాము దేశములలో పుట్టి పెరిగిన పని యనుట నిజము. కాని 13వ శతాబ్దినాటికి ఆర్మీనియను శిల్పులు దానిని తమ దేవాలయములలో నిస్సంకోచముగా వాడుచుండిరి. గెఘార్దు మఠమున 1215-1225 నడుమ కట్టబడిన ముఖశాలయొక్క కప్పున ముకర్నస్ పని కలదు. దాని నడుమ వెలుతురునకై రంధ్రము కలదు. హఘ్పాత్ మఠపు ముఖశాలయందు ఒకదాని నొకటి ఖండించు కమానులు కలవు. ఈ రెంటిని ఎవ్వరును సరాయి లనలేదు. ఆనీ శాలయందు ఈ రెండు లక్షణములును ఒక్కచోట చేరినవి. కావున శిల్పము ఆ కాలపు శిల్పుల విద్యను తెలుపునే గాని, కట్టించినవాని మతమునుగాని, కట్టడపు ప్రయోజనమునుగాని తెలుపజాలదు.

ఇంతేకాదు. కాలమునుబట్టి చూచినను సెల్జూకు అను విశేషణము పొసగదు. సెల్జూకులు ఆనీని స్వయముగా నేలినది 1064 నుండి 1072 వఱకే. 1217 నాటికి నగరము జార్జియా సింహాసనమునకు లోబడిన జకారియనుల పాలనమున నుండెను. తురుష్కశిల్పముతో సాదృశ్య మున్నదని తురుష్కప్రభువులను కర్తలుగా చెప్పుట కాలవిరుద్ధము.

పన్నిక విషయము. సుల్తాన్ ఖానువలె దీనికి ప్రాంగణము లేదు. సెలీము సరాయివలె పొడవైన పశుశాలయు లేదు. దేవాలయపు గోడనే తన గోడగా చేసికొని యీ శాల నిలిచినది. వర్తకులు పశువులతో దిగుటకై కట్టువాడు ఆర్చిబిషపుల దేవాలయపు గోడను ఆసరా చేసికొనుట యూహింపరానిది. రాత్రి వంటపొగలకు గురియగు కప్పున రంగుఱాళ్లను పొదుగుటయు సరాయికి తగిన పని కాదు. దక్షిణమున నుండుట సామాన్యరీతికి భిన్నమైనను, నగరపు జనసమ్మర్దమున కభిముఖముగా ద్వారము నుంచుటకు అది యనుకూలము. ముఖశాల సంఘపుసభలకును చోటుగా నుండె ననుటకు ఇది తోడ్పడునే గాని విరోధింపదు.

ఇక పన్నుల శాసనములు. ఈ విషయమున ఆంధ్రదేశపు శాసనములే మంచి సాక్ష్య మిచ్చుచున్నవి. కాకతీయ గణపతిదేవుడు శాలివాహనశకము 1166లో, అనగా 1244-45లో, సముద్రవర్తకులకు అభయ మొసగి సుంకములను నిర్ణయించిన శాసనము మోటుపల్లి వీరభద్రాలయమండపమున కలదు. దానిని చూచి ఆ మండపమును సుంకశాల యని యెవరును వ్రాయలేదు. దేవాలయము పదిమంది చూచు చోటు. దేవుని సన్నిధిని వ్రాసిన మాట దాటరానిదను నమ్మకమును కలదు. అందుచే వర్తకశాసనము గుడి నాశ్రయించును. ఆనీలోను ఇదే న్యాయము. అబూ సయీదు ఖాను కాలమున ఆనీ ప్రజలనుండి అక్రమపు పన్నులు గైకొనరాదని పారసీక భాషలో చెక్కిన ఆజ్ఞ మనూచిహ్ర్ మసీదు గోడమీద కలదు. బార్టోల్డు అను రష్యను పండితుడు 1911లో దానిని ప్రకటించెను. ఆ శాసనమునుబట్టి మసీదు సరాయి కానట్లే, తన గోడలమీది శాసనములనుబట్టి అపొస్తలుల దేవాలయశాలయు సరాయి కానేరదు. ఆనీ వంటి నగరమున సరాయి లుండుట నిశ్చయము. కాని ఉండవలెనన్న యవసరము, ఇదియే ఆ సరాయి యనుటకు ప్రమాణము కాదు.

ఒక్క మాట మిగిలియున్నది. దేవాలయము కూలిన పిదప, నగరము పలుచబడిన దినములలో, దృఢముగా నిలిచిన యీ శాలలో బాటసారులు తలదాచుకొని యుండవచ్చును. సరాయి యను పేరు అట్టి వాడుకవలన వచ్చినదను అభిప్రాయము అసంగతము కాదు. అదియు కట్టడచరిత్రలో నొక భాగమే. కాని పాడుపడిన గుడిలో బైరాగులు పదియేండ్లు వంట చేసికొన్నంతమాత్రమున ఆ గుడి వంటశాలగా కట్టబడినదని చెప్పరాదుగదా. జన్మమొకటి, తరువాతి వాడుక మఱియొకటి. రెంటిని చెప్పవచ్చును, ఒకదానితో వేఱొకదానిని కప్పరాదు.

వివాదమువలని ఫలము

ఇది పేరును గూర్చిన శుష్కవాదమని కొందఱు తలంపవచ్చును. అట్లు కాదు. 1878లో కార్సు సీమ రష్యా వశమయ్యెను. మొదటి ప్రపంచయుద్ధమున మార్ పండితుని త్రవ్వకములకు సంబంధించిన వ్రాతలు, పటములు పెక్కు నశించెను. 1921 నాటి కార్సు సంధివలన ఆనీ టర్కీలో నిలిచెను. ఆర్మీనియనులు తమ పూర్వరాజధానిని నది కావలిగట్టున నిలిచి చూడవలసినవారైరి. చాలకాలము ఆ శిథిలములయొద్ద నిలిపిన ఫలకములలో ఆర్మీనియనుల పేరే కానరాకుండెను. త్రవ్వకపు వ్రాతలు నశించి, పునాదులు చెదరి, దేవాలయము కూలిపోయిన చోట, సామాన్యుడగు యాత్రికునకు ఫలకముమీది పేరే ప్రమాణమగును. ముఖశాలను సరాయి యన్నచో, దాని ప్రక్కనున్న దేవాలయపు తునుకలు పేరులేని రాళ్లగును. పేరులేని రాళ్లను ఎవరును కాపాడరు. సరాయి యను భావముతో మరమ్మతు చేయువాడు సరాయికి తగినట్లే చేయును.

ఎదుటిపక్షమునను ఇట్టి దోషము లేకపోలేదు. మనూచిహ్ర్ మసీదు నిజముగా మసీదు కాదనియు, బగ్రతూనీ రాజుల మందిరమే పిదప మసీదుగా మార్చబడినదనియు వాదించినవారు కలరు. అదియు శాసనమునుబట్టి, పన్నికనుబట్టి విచారింపవలసినదే గాని అభిమానముచే నిర్ణయింపదగినది కాదు. అపొస్తలుల దేవాలయశాలను గూర్చి చెప్పిన న్యాయము మసీదునకును చెల్లును. ముకర్నస్ పని ఆర్మీనియనులకు స్వయంభువని చెప్పుటయు సత్యదూరమే. ఆ ద్వారమును చెక్కిన శిల్పి తన పొరుగువారి విద్యను నేర్చి దానిని తన దేవునికి సమర్పించినాడు. ఈ మాటను దాచినచో ఆ శిల్పికే అన్యాయము జరుగును.

2016లో ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞానసంస్కృతి సంస్థ ఆనీని ప్రపంచవారసత్వ స్థలముల పట్టికలో చేర్చెను. ఆ సందర్భపు వర్ణనమున 10, 11 శతాబ్దులలో ఇది బగ్రతూనీల ఆర్మీనియను రాజ్యమునకు రాజధానిగా నుండెనని స్పష్టముగా చెప్పబడినది. ఇది మేలైన మార్పు. నగరమునకు చేసిన యీ న్యాయము అందలి యొక్కొక్క కట్టడమునకును జరుగవలసియున్నది.

ఆంధ్రులకు ఈ జాతి కేవలము పరాయిది కాదు. 17వ శతాబ్దిని ఆర్మీనియను వర్తకులు మచిలీబందరునందును గోలకొండ రాజ్యమునందును వ్యాపారము చేసిరి. హైదరాబాదులోని ఉప్పుగూడయం దున్న ప్రాచీనశ్మశానమున వారి సమాధులు కలవు. ఆర్మీనియనుల మొదటి పత్రికయగు అజ్దరార్ 1794లో వెలువడినది చెన్నపట్టణముననే. ఆ సమాధులమీది పేళ్లను వేఱొకరివిగా చదువుట యెంత తప్పో, ఆనీ గోడలమీది పేళ్లను అట్లు చదువుటయు నంతే తప్పు.

కావున తేలిన యంశము లివి. ఆనీ నగరమధ్యమునందలి యీ శాల 13వ శతాబ్ద్యారంభమున, జకారియనుల కాలమున, పరిశుద్ధ అపొస్తలుల దేవాలయమునకు ముఖశాలగా కట్టబడినది. దాని శిల్పము ఇస్లాము దేశపు శిల్పమునకు ఋణపడినది. పిదపి కాలమున బాటసారులకు విడిదిగా నుండియుండవచ్చును. పాఠ్యగ్రంథములలోగాని, పటములలోగాని దీనిని పేర్కొనువారు అపొస్తలుల దేవాలయపు ముఖశాల యని మొదట వ్రాసి, కరవాన్ సరాయి యనియు వ్యవహారము కలదని పిమ్మట వ్రాయుట సముచితము. కట్టినవాని పేరు ముందు, తలదాచుకొనినవాని పేరు తరువాత. ఈ క్రమమును పాటించినచో ఎవరి పాలును ఎవరును హరించినట్లు కాదు.